చెయ్యి దూరే సందు

ఆటోనగర్‌లో రాత్రి పదిన్నర.
యారాడ కొండ మీదుగా వచ్చిన ఉప్పుగాలి
షెడ్డు రేకుల్ని గీరుతోంది.
రొయ్యల్ని సైజువారీ వేరుచేసే మా మిషను
ఒకే ఒక్క బోల్టు దగ్గర
అలిగి కూచుంది.

దేముడు నేలమీద వెల్లకిలా పడుకుని
దాని కడుపులోకి చెయ్యి పెట్టాడు.
మణికట్టు దాకా వెళ్లింది. ఆగింది.
"పానా ఎక్కతాది గానీ తిరగదు మేడమ్.
ఇది గీసినోల్లకి సేతులు లేవేటి?"

గీసింది నస్రీన్.
నా పక్కనే నిలబడి చున్నీ కొస
వేలికి చుడుతోంది, విప్పుతోంది, చుడుతోంది.
ఆ డ్రాయింగు కింద సంతకం నాది.

ఆ మధ్యాహ్నం గుర్తుంది.
విప్పని క్యారియరు, సంతకానికి తొమ్మిది డ్రాయింగులు.
తెరమీద మిషను నా వేలికొసన బొంగరమై తిరిగింది.
అడ్డొచ్చిన పలకని ఒక్క నొక్కుతో మాయం చేశాను.
తెరమీద స్టీలుకి
అడ్డుపడటం తెలీదు.
బెల్టు బిగువు చూశాను, బేరింగు ఆయుష్షు చూశాను,
మోటారు మోసే బరువు మూడుసార్లు కూడాను.
రేపెప్పుడో ఒక మనిషి
టార్చి పళ్ల మధ్య పట్టుకుని
ఇక్కడికి చెయ్యి చాస్తాడని
ఏ లెక్కలోనూ లేదు.

ఫోను మోగింది. అచ్యుతాపురం.
"పొద్దున్నే ట్రయలన్నారు. ఎవరండీ ఇది చేసింది?"

పేరు చెప్పడం ఎంత తేలిక!
మూడక్షరాలు, ఒక నిట్టూర్పు, అయిపోతుంది.
నా మొదటి ఉద్యోగంలో అలాగే
నిండు మీటింగులో నా పేరు పైకి చదివారు.
రెండు పాయింట్లు ఎక్కువ తిరిగిన షాఫ్టు.
ఇరవై ఏళ్లు. ఆ షాఫ్టు ఏ తుక్కులోనో కరిగిపోయుంటుంది.
ఆ గొంతు కరగలేదు.

"నేనేనండీ" అన్నాను.
మంచితనమేం కాదు.
కాగితం మూల గడిలో రాసున్నదే
చదివి వినిపించాను.

ఇక పక్క పలక కొయ్యాలి.
ఎంత కొయ్యాలి? అందరం ఎవరి పిడికిలి వాళ్లం చూసుకున్నాం.
అప్పుడు నస్రీన్ కదిలింది.
బ్యాగులోంచి వెర్నియర్ తీసి
దేముడి ముందు గొంతుక్కూచుంది.
"అన్నా, ఒకసారి చెయ్యి."
"జాతకం సెప్తావేటమ్మా?"
కణుపుల దగ్గర ఎనభై తొమ్మిది.
గ్లౌజు తొడిగితే తొంభై ఎనిమిది.
పానా తిప్పడానికి ఇంకో అరవై అటు, అరవై ఇటు.
నడిమి వేలు సగమే ఉంది.
ఏ మిషను తీసుకుందో ఆమె అడగలేదు,
అతను చెప్పలేదు.
ఆ సగం కూడా కొలిచి రాసుకుంది.

గ్రైండరు అరిచింది. నిప్పురవ్వలు
గుమ్మం దాటి రోడ్డు మీదికి ఎగిరాయి.
పొగ ఆరాక దేముడు మళ్లీ పడుకున్నాడు.
మణికట్టు వెళ్లింది. మోచెయ్యి వెళ్లింది.
లోపలెక్కడో, పాతిక వంతు తిరిగిన పానా
టక్‌మంది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టీ చెప్పారు.

సోమవారం మా లైబ్రరీలో
బోల్టులూ నట్లూ వాషర్ల వరసలో
కొత్త భాగమొకటి చేరింది.
బరువు లేదు, లోహం లేదు, ధర లేదు.
బూడిదరంగు చెయ్యి, సగం వేలుతో సహా.
ఆ చెయ్యి దూరి, పని చేసి,
వెనక్కి వస్తేనే
డ్రాయింగు నా బల్ల మీదికి రావాలి.
పేరేం పెట్టాలని కుర్రాళ్లు అరపూట వాదించుకున్నారు.
నస్రీన్ అప్పటికే పెట్టేసింది:
దేముడు, ఎడమ చెయ్యి కూడా ఉంది.

అన్నీ నేర్చేసుకున్నామని కాదు.
ఆ రాత్రి కోసిన అంచుకి
పాలిష్ పట్టించడం మరిచాం.
నెల తిరక్కుండానే ఉప్పునీటికి
గోధుమరంగు తేలిందట.
పొద్దున్నుంచీ ఫోను
బల్లమీద బోర్లా పెట్టుకున్నాను.
తియ్యాలి.