పాలిష్

కడుపు పట్టుకోని పడింది నువ్వు.
చీటీ రాసేటాయన తల ఎత్తకుండా నన్నడిగె:
"ఎన్నేండ్ల నుంచి తాగుతాండావు?"
తాగేది నేను సార్, నొప్పి ఆమెకు, అంటి.
కాంపౌండరు నవ్వె.
నువ్వు నవ్వలేదు మాబున్నీ.
గడ్డం మోకాళ్ళకు తగిలేట్ల వంగి కూచోనుంటివి.
అట్ల వంగితేనే రవ్వంత తగ్గుతాదని
ఎవరూ చెప్పకుండానే కనిపెట్టుకుంటివి.

రాత్రి తాడిపత్రిలో అది ఒట్టి గ్యాసు.
సోడా తాపిస్తి, వాము నమిలిస్తి.
బొడ్డుకు పైన మొదలై
మేకు దిగినట్ల వీపులోకి పోతాందంటివి.
నాలుగుసార్లు కక్కినా నొప్పి మాత్రం బయటికి రాలేదు.
పక్కింటి సుంకమ్మ గడపకాడ నిలబడి
"ఇది తాగుబోతుల రోగం గదా,
మా చిన్నాయన దీంతోనే పాయె" అనె.
అనంతపురం దాకా అంబులెన్సులో
నొప్పికి ఏడ్వలేదు నువ్వు,
ఆ మాటకు ఏడిస్తివి.

క్లోమం అంట.
యాభై ఏండ్లొచ్చె, నాకూ ఒకటుందని తెలీదు.
కాలేయం తెలుసు,
దాన్ని గురించి నాకు చానామంది చెప్పినారు.
డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసె.
జీర్ణాశయం చాటున
వెన్నుకు ఆనుకోని పండుకున్న మొక్కజొన్న కంకి.
తిన్నదాన్ని అరిగించే రసం దాంట్లో ఊరుతాది.
పిత్తపు సంచిలో పుట్టిన రాయి ఒకటి
జారొచ్చి గొట్టం మూతికి అడ్డంపడింది.
రసానికి దారి లేదు.
ఇంక అది తన్ను తానే అరిగించుకుంటాది.

నాకర్థమైనట్ల ఎవరికర్థమైతాది మాబున్నీ?
పద్దెనిమిదేండ్లుగా కట్టింగు మిషను కాడుండా.
నల్లబండ మీద బ్లేడు తిరుగుతాంటే
పైన నీళ్ళు పడతానే ఉండాల.
పైపులో రాతిబురద ఇరుక్కుందనుకో,
కోసే బ్లేడే కాలి వంకరపోతాది.
"అంతేనా మేడం?" అంటి.
ఆమె పెన్ను ఆపి నా వంక చూసి
"అంతే" అనె.

మందు రాసిస్తే పరిగెత్తి తెద్దామనుకుంటి.
మందు ఏందంటే పస్తు.
చుక్క నీళ్ళు నోట్లోకి పోగూడదు,
కంకికి పని చెప్పగూడదు.
బాటిలెనక బాటిలు సెలైను,
నొప్పికి సూది,
ఉచ్చ కొలిచేదానికో సంచి.
మూడు దినాలు.
"నెలవంక లేదు, సైరన్ లేదు, ఇదేం రోజా" అంటివి
ఎండిన పెదాలతో.
నేను గేటు బయట ఉగ్గాని బజ్జీ తిని
మూతి కడుక్కోని, రెండుసార్లు కడుక్కోని, లోపలికొస్తి.
నీ ముక్కు కనిపెట్టె.

మొగోళ్ళ వార్డులో గుత్తి ఓబిలేసు.
ముప్పై నాలుగేండ్లు. అదే వంగుడు, అదే మేకు.
వానికి రాయి లేదు. క్వార్టర్లే.
మూడోసారంట. కంకిలో సున్నం తేలిందంట.
తిన్న నూనె తిన్నట్లే బయటికి పోతాదంట,
మొన్న చక్కెర రోగం గూడా వచ్చెనంట.
తువ్వాల పొట్టకు అదుముకోని నన్నడిగె:
"నీకెన్నోసారి అన్నా?"
నాకు గాదప్పా, మా ఇంటామెకు అనాల.
"మొదటిసారి" అంటి.

నాలుగో దినం గంజినీళ్ళు రెండు గుటకలు.
గూగూడు కుళ్లాయప్పకు మొక్కిన చక్కెర చదివింపు
నేనింకా చెప్పలేదు నీకు.
పదో దినం ఆ సంచి తీసేసి
సీసాలో రాళ్ళు పోసి చేతికిచ్చిరి.
జొన్నగింజలంత. కొన్ని అంత గూడా లేవు.
ఏండ్ల తరబడి బండలు మోసినదానివి
వాటిని కిటికీ వెలుగుకు ఎత్తి
చానాసేపు చూసి అడిగితివి:
"నున్నగుండాయే.
వీటికి పాలిష్ ఎవరు పట్టినారు?"

నా లుంగీ మడతలో ఇంకో సీసా ఉండె.
పది దినాలుగా మూత తీయలేదు.
పారేయనూలేదు.
నువ్వు నా వంక చూడకుండా
నీ సీసాను చెవికాడ పెట్టుకోని
మెల్లగా ఊపుతాంటివి.