తో

మూడక్షరాలు దాటితే వేళ్లు గుర్తుపెట్టుకోవు,
అంది విర్వె.
తార్తులో ఫిబ్రవరి. ఎమయెగి నది గడ్డకట్టి ఉంది,
దాని మీద ఎవరో కుక్కని నడిపించుకుపోతున్నారు.
నాలుగో అంతస్తులో ముగ్గురు మనుషులు,
సగం కోసిన నల్ల రొట్టె,
పేరు లేని ఒక పనిముట్టు.

పని చెయ్యడానికి అది సిద్ధమే.
ఏ సాఫ్ట్‌వేర్ కావాలో చెబితే
ఎక్కడుందో వెతికి, దించి, మూట విప్పి,
దాని చోట దాన్ని కూర్చోబెడుతుంది.
పిలవడానికే మాట లేదు.

ఊర్మస్ బోర్డు మీద ముప్ఫై ఒక్క పేర్లు రాశాడు.
ఎక్కువగా పక్షులు. ఒక చేప.
వాళ్ల నాన్న నడిపిన ట్రాక్టరు మోడల్ ఒకటి.
పక్షుల్ని ఎవరెవరో ముందే పట్టుకుపోయారు.
చేప, సముద్రం దాటితే బూతు.
ట్రాక్టరు గురించి ఎవరూ మాట్లాడలేదు.
అతను కాసేపు మార్కరు మూత తీస్తూ, పెడుతూ ఉన్నాడు.

పదహారో ఏట ఒక వేసవంతా
పొయ్యిలు కట్టే హెల్ముట్ దగ్గర ఇటుకలు మోసింది విర్వె.
ఆయన వెనక్కి తిరిగేవాడు కాదు.
తాపీ ఆపకుండా చెయ్యి చాపి అనేవాడు: తో.
వాళ్ల భాషలో, తే, అని.
ఏం తేవాలో ఆ చెయ్యి చెప్పేది.
టీ, ఓ, ఓ.
ఎడమ చేతికొక మీట, కుడి చేతికి ఒకే మీట రెండుసార్లు.

తో.
మన చెవికది తృతీయా విభక్తి:
చేతన్, చేన్, తోడన్, తోన్.
ఆ గదిలో ఆ సంగతి ఎవరికీ తెలీదు,
పనిముట్టుకి మాత్రం తెలిసినట్టే ఉంది.
ఒక్క గడియారం తెమ్మంటే
దానితో ఒక లైబ్రరీ, ఆ లైబ్రరీతో ఇంకొకటి,
ఆ ఇంకొకటితో పదకొండేళ్లుగా ఎవరూ ముట్టని
నలభై లైన్ల కోడు.
భోజనానికి ఒక్కర్ని పిలిస్తే
గుమ్మంలో వ్యాను ఆగినట్టు.

తీసెయ్యడానికి మాట వెతకాల్సిన పనే లేకపోయింది.
పగిలిన ఇటుకల కేసి గడ్డం చూపి హెల్ముటే అనేవాడు: వీ.
పట్టుకుపో.
వీ, ఐ, ఐ.
ముగ్గురూ రొట్టె ముగించారు.

మార్చి చివర్లో వల్పరైసో నుంచి ఉత్తరం.
రేవు ఆఫీసులో రాత్రి డ్యూటీ ఎవరిస్తోది.
ఆయన వాడే పాత ఎడిటరు పేరు వీ, ఐ.
దాన్ని పిలవబోతే నిద్రమత్తులో వేలు
ఐ మీద రెండుసార్లు పడింది.
తెరవాలనుకున్న ఫైలు పేరు ఆటుపోట్లు.
అదే పేరుతో ప్యాకేజీ ఉంది.
పట్టుకుపోయింది.
తెల్లారేదాకా రేవు బోర్డు మీద
సముద్రం ఎత్తు ఖాళీ.
ఆయన తిట్టలేదు.
మీ పనిముట్టు చెప్పిన మాట వింటుంది,
నా భయమల్లా అదే, అని రాశాడు.

నిజంగానా, అని అడిగిద్దాం అన్నాడు ఊర్మస్.
అడిగితే చదవరు, అవును కొట్టేస్తారు, అంది లేలొ,
అప్పటిదాకా నోరు విప్పని లేలొ.
మెట్టు ఉందని తెలిసినవాడు మెట్టు చూడడు.

విర్వె కిటికీ దగ్గర నిలబడింది.
నిలబడి ఉన్న పొయ్యిలోంచి ఇటుక లాగాల్సి వస్తే
హెల్ముట్ ముందు పైవరస మీద అరచెయ్యి ఆనించేవాడు,
ఏది దేని మీద వాలి ఉందో.
అప్పుడు మాత్రం పొట్టి మాట వాడేవాడు కాదు.
లమ్ముత, అనేవాడు, మెల్లగా. కూల్చు.

ఇప్పుడు తేవడానికి మూడక్షరాలు, కూల్చడానికి ఏడు.
ఏడూ కొట్టాక కూడా అది ఆగుతుంది;
ఆ ఇటుక మీద వాలినవాటి పేర్లన్నీ చదువుతుంది;
పోవాల్సినదాని పేరు మళ్లీ మీ చేత్తో రాయమంటుంది.

ఆ విడుదలకి ట్రాక్టరు పేరు పెట్టారు.
ఊర్మస్ ఏమీ అనలేదు. లేచి రేడియేటరు తగ్గించాడు.

వీ, ఐ, ఐ కొడితే ఇప్పుడేదీ పోదు.
ఒక్క లైను వస్తుంది, విర్వె రాసింది:
ఎడిటరు కోసమా? వేలు జారినట్టుంది.
పొద్దుపోయింది, పడుకోండి.