చాట

కాశీబుగ్గ బస్టాండు వెనక, మా నెట్ సెంటర్లో
పాత డబ్బా మూత విప్పాను.
రెండు జీబీ ముక్క పక్కన ఖాళీ గాడి,
అందులో తొమ్మిదేళ్ళ దుమ్ము కాపురం.
పాతదాని ఇత్తడి పళ్ళు పెన్సిలు రబ్బరుతో తోమి
కొత్త ఎనిమిదిని పక్కన నొక్కితే
టక్కుమని రెండు చెవులూ మూసుకున్నాయి.

మొన్నటిదాకా
ఒక ఫారం తెరిస్తే ఇంకోటి మూర్ఛపోయేది.
లోపలెవరో పళ్ళు నూరుతున్న చప్పుడు.
ఇప్పుడు పన్నెండు కిటికీలు తెరిచినా
ఉలకదు.

"ఏటి చేసినావు బాబూ దీనికి?"
కూర్మమ్మ.
పేరులో తాబేలున్నా
పొద్దెక్కేలోగా గోనెడు జీడిపిక్కలు కొట్టే మనిషి.
"చాట మార్చాను పిన్నీ.
చిన్నదైతే మాటిమాటికీ గోనె దగ్గరికి లెగాలి కదా,
పెద్దదైతే ఎదటే పోసుకు కూర్చోవచ్చు."
కాసేపు ఆలోచించింది.
"అయితే మాత్రం, కొట్టీ చెయ్యి అదే గదా."

నిజమే, చిప్పు పాతదే.
ర్యామ్ అమ్మిన శ్రీకాకుళం కుర్రాడు
ఈ ముక్క చెప్పలేదు.

పింఛను పేజీ రెప్పపాటులో వచ్చి నిలబడి
వేలు పెట్టమంది.
పెట్టింది. సరిపోలలేదు.
కొంగుకి తుడిచి పెట్టింది, కడిగొచ్చి పెట్టింది,
ఎడంచేతిది పెట్టింది.
జీడి రసం తినేసిన బొటనవేలు
గోళీకాయంత నునుపు.

ఇదివరకు ఈ కాదు అనడానికే
మెషిన్‌కి పావుగంట పట్టేది.
ఆ పావుగంటా ఫ్యాను కింద కూర్చునేది ఆవిడ.

బల్లమీది రబ్బరు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.
"దీంతో రుద్దితే
గీతలొస్తాయేటి బాబూ?"