రద్దీ లేని చోటు

సల్మాబాద్‌ల ఆర్డర్ ఇచ్చి వస్తుంటె
ఏ మలుపు కాడ తప్పు తిరిగిన్నో,
మ్యాపుల నీలం గీత తెగిపోయి
బండి నీళ్ళ ముందట నిలబడ్డది.

సముద్రమంటె సముద్రం గాదు, తుబ్లి బే అంటరు.
మూడు దిక్కుల బిల్డింగులు, ఒక దిక్కు బురద,
బురదల మనిషెత్తు పచ్చటి చెట్లు.

హ్యాండిల్ మీద ఫోన్ అన్నది:
ఇక్కడ గిరాకీ తక్కువ. రద్దీ ఉన్న చోటికి కదలండి.

నిన్నటిదాక కదలమంటె కదిలిన.
సీఫ్‌ల ఎర్రమచ్చ మెరిస్తె సీఫ్‌కు,
జుఫేర్‌ల మెరిస్తె జుఫేర్‌కు,
నేను చేరేసరికి మచ్చ ఇంకోకాడ మొలిచేది.

ఇయ్యాల ఇంజన్ బందు వెట్టిన.
హెల్మెట్ తీసినంక సుత
చెవులల్ల హారన్లు కొద్దిసేపు నడిచినయ్,
గిర్ని ఆపినంక పట్టా కొట్టుకున్నట్టు.

తర్వాత బురద మాట వినవడ్డది.
నిజంగనే. చిటుక్కు చిటుక్కుమని,
పోపుల ఆవాల కంటె మెల్లగ.
నీళ్ళు ఎనుకకు వోతుంటె
వేల బొక్కలు నోర్లు తెరుస్తున్నయ్.
ఓ ఎండ్రికాయ బయటికొచ్చి నన్ను చూసి లోపలికి వోయింది,
మళ్ళొచ్చింది.

చెట్టు పేరు నాకు తెల్వది.
దాని వేళ్ళు మీదికి మొలిచినయ్,
బలపాలు గుచ్చినట్టు, ఊపిరి కోసం.
ఆకు మర్లేసి చూస్తె అడుగున తెల్లటి పొడి.
నాలికెకు అంటించుకున్న.
ఉప్పు.
నా అంగీ ఈపు మీద ఎండిన చారలే ఇవి.
ఉప్పునీళ్ళు తాగి, ఉప్పు కక్కి,
ఇది పచ్చగుంటది.
నేనింకా నేర్చుకోలే.

రూముల ఆరుగురం.
లైటు బందు వెట్టంగనే
ఆరు మంచాల మీద ఆరు మొఖాలు తెల్లగ వెలుగుతయ్.
కింది మంచం రాజలింగు నవ్వుతడు, ఎందుకో అడగం.
పై మంచం షాదుల్ ఓ రాత్రి ఏడ్చిండు,
ఆ సప్పుడు వాని వీడియోలదనుకున్నం.

నేను సుత గంతే.
మొన్న సెలవుల వోయినప్పుడు స్వరూప అడిగింది,
నిద్రల నీ బొటనవేలు
నా భుజం మీద ఏం ఎతుకుతుందని.

నీళ్ళంచుకు బూడిదరంగు కొంగ ఒకటి, ఒంటికాలి మీద.
అది గూడ ఆర్డర్ కోసమే ఆగిందనుకున్న.
చేపపిల్ల ఒకటి దాని కాలు పక్కకెల్లి వోయింది.
వంగలే.
ఇంకోటి వోయింది. వంగలే.
"రేటింగ్ పోతది కొంగా" అన్న.
పొద్దుటి సంది నా నోట్లకెల్లి వచ్చిన
మొదటి తెలుగు మాట అదే.

ఫోటో తీద్దామని
బండి దిక్కు రెండడుగులేసిన.
బురద నా కుడి బూటును పట్టుకున్నది,
గుంజితె ఇడువలే.
సరే అన్న.

ఎంతసేపో తెల్వది. గడియారం హ్యాండిల్ మీదనే ఉన్నది.
నీళ్ళు ఇంకో జానెడు జరిగినయ్.
ఎండ బిల్డింగుల అద్దాలకెల్లి దిగి
చెట్ల మీద పసుపు వూసింది, తీసుకున్నది.
నేను దేని గురించీ ఆలోచించలే అని చెప్తె అబద్ధం.
చిట్టీ కిస్తు యాదికొచ్చింది. పెట్రోలు యాదికొచ్చింది.
వచ్చినయ్, ఆ చేపపిల్లల లెక్క
కాలు పక్కకెల్లి వోయినయ్.

ఫోన్ మళ్ళ మోగింది:
మీరు ఇంకా ఉన్నారా?

అవును, కాదు. రెండు డబ్బలు.
కింద పదికెల్లి ఎనుకకు లెక్క.

ఉన్న, అన్న.
నోటితోని అన్న.
అది వేలు అడిగింది గని నోరు అడుగలేదు,
లెక్క అయిపోంగనే నన్ను ఆఫ్‌లైన్ల వెట్టింది.

కొంగ అప్పుడు వంగింది.

మగ్రిబ్ అజాఁ అయినంక బండి తీసిన.
రెండు మటన్ మందీ, ఒక లబన్,
జుఫేర్, పద్నాలుగో అంతస్తు.
లిఫ్టుల నాలుగు దిక్కుల అద్దాలు,
కింద పాలరాయి,
పాలరాయి మీద నా కుడి బూటు బురద.
తుడుద్దామని రుమాలు తీసి వంగిన.

బురదల ఏదో చిటుక్కుమన్నది.

పద్నాలుగో అంతస్తు దాక
అట్లనే వంగి ఉన్న.