మంటకి నీడ

బోఖ్నియాలో, ఉప్పుగనుల ఊళ్ళో,
జనవరిలో మూడున్నరకే మసక.
బొగుమీవా టీచర్ తెరలు దించి
సోడియం దీపం వేసింది.
పిల్లల స్వెట్టర్ల రంగులన్నీ
ఒక్కసారిగా పసుపూ బూడిదా.

స్పిరిట్ దీపం వత్తి మీద
చిటికెడు ఉప్పు.
మంట నల్లబడింది.
గోడమీద నీడ. మంటకి నీడ!

"ఎవరు తిన్నారర్రా, వెలుగుని?"

పరమాణువు మహా మొండి కండక్టరు.
గవ్వ తక్కువైతే ఎక్కించుకోదు,
గవ్వ ఎక్కువైనా అంతే,
చిల్లర ఇచ్చే అలవాటు లేదు.
సరిగ్గా తన లెక్కకి సరిపడే కాంతి కణం వస్తే
గుటుక్కున మింగి
ఎలక్ట్రాన్‌ని పైమెట్టు మీద నిలబెడుతుంది.
నడుమ మెట్లు లేవు,
ఎక్కడమూ లేదు.
ఇందాక కింద. ఇప్పుడు పైన.

"అక్కడెంతసేపుంటుంది?" అన్నాడు క్సావెరి,
ముత్తాత గనిలో గోడలు చెక్కినవాడు.

రెప్పపాటులో కోటో వంతు.
తర్వాత మింగింది కక్కేస్తుంది,
వచ్చిన దారినే కాదు, ఏ దిక్కుకో.
మనవైపు రావాల్సింది
అలా తప్పిపోతుంది, అదే నలుపు.

ఇంటికెళ్తూ వాడు
కాలిబాట మీద చల్లిన ఉప్పులో
తడి అగ్గిపుల్ల పొర్లించి
పచ్చని వీధిదీపం కింద వెలిగించాడు,
మంచుమీద నీడ కోసం వంగాడు.
గాలి ఆర్పేసింది.

పెట్టెలో ఇంకా నాలుగు పుల్లలున్నాయి.