వెన్న తగ్గిన వారాలు

నేను అబద్ధమాడలేదు.
ఎవరూ అడగలేదు, అంతే.

స్ట్రామ్‌నెస్ రేవులో ఆరున్నర పడవకి
ఆరింటికే నా కొట్టు తలుపు తెరుచుకుంటుంది.
చలికాలం ఇక్కడ తెల్లవారడమంటే తొమ్మిది.
అందాకా దీపం కిందే బేరం,
దీపం కిందే వాదులాట.

పడవ మీంచి తాళ్ళు విసిరే లింక్‌లేటర్
ఓట్స్ బిస్కెట్లు రెండు తీసుకుంటాడు,
ఒకటి నోట్లోకి, ఒకటి జేబులోకి.
పంతొమ్మిదేళ్ళుగా ఇదే లెక్క.
నవంబరులో ఓ పొద్దున
నర్సు తన రక్తం లెక్క చూసి మొహం చిట్లించిందని
నవ్వుతూ చెప్పాడు.
నవ్వుతూనే రెండోదాని మీద చెయ్యేశాడు.

ఆ రాత్రి మా అత్త గిన్నె కిందికి దించాను.
అరకిలో ఓట్స్, పావుకిలో వెన్న,
వెన్నకి సరితూకం చక్కెర,
పైన చెంచా నిలబడేంత చిక్కటి పాకం.
ఆవిడ పెన్సిల్‌తో రాసిపెట్టిన శాసనం.
చదివాను. కాగితం బోర్లా పెట్టాను.

మొదటి వారం వెన్నలో నాలుగోవంతు తీసి
ఉడికించి మెదిపిన పుల్ల ఆపిల్ వేశాను.
ఎవరూ పోల్చుకోలేదు.
రెండో వారం సగం.
పిండి గరిటెను పట్టుకుని
దిగనని మారాం చేసింది.
మైదా మానేసి ఓట్సునే కాఫీ మరలో ఆడించాను,
ఆ విడతంతా కాఫీ వాసన.
టీచరు ఐన్‌స్లీ కొత్త రకమనుకుని నాలుగు కొంది.

పాకం బదులు మగ్గిన అరటిపండు: అది నా బుద్ధితక్కువ.
పొయ్యిలోంచి తడిసిన దిండ్లు బయటికొచ్చాయి.
గట్టు మీదికి విసిరితే ఒక సీగల్
ముక్కున కరుచుకుని, కాసేపు ఆలోచించి,
ఉన్నచోటే పెట్టి ఎగిరిపోయింది.
చేపల పేగులు తినే పక్షి!

చక్కెరతోనే చిక్కు.
తీపి కోసమే అది అనుకుంటాం గానీ
అంచుల కరకర దానిది, ఆ గోధుమరంగు దానిది.
ఖర్జూరాలు కొనబోతే
కొట్టామె ముక్కున వేలేసుకుంది,
"ఇన్నా? ఎవరికి నోములు?" అన్నట్టు చూసింది.
వేడి టీలో నానబెట్టి రుబ్బాను,
ఉండల్ని పల్చగా అదిమాను,
సరిగా పడని పొయ్యి తలుపుకి కుర్చీ అడ్డంపెట్టి
సన్నసెగన పది నిమిషాలు ఎక్కువుంచాను.
కరకర రాలేదు.
దాని చెల్లెలెవరో వచ్చింది.
సరేలెమ్మని రానిచ్చాను.

రోజూ అతను కొరికే వేళకి
కెటిల్ వైపు తిరిగిపోయేదాన్ని,
తేలు కుట్టిన దొంగలా.

ఫిబ్రవరిలో ఒక విడత పాత లెక్కన చేశాను.
అత్త పోయిన రోజు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.
నిజానికి నాకే తినాలనిపించింది.
వెన్న వాసన చీకట్లో రేవుదాకా నడిచింది.

లింక్‌లేటర్ కొరికాడు. ఆగాడు.
"ఏంటివాళ ఇంత జిడ్డు?"
రెండోది పళ్ళెంలోనే వదిలేశాడు.

నోరు తెరిచాను, మాట రాలేదు.
గుమ్మం దాకా వెళ్ళి అతనే తిరిగాడు:
"రేపు మళ్ళీ ఆ ఖర్జూరాలవే చెయ్యి, బెథియా.
తోళ్ళు మాత్రం తీసెయ్.
క్రిస్మస్ నుంచీ ఒకటి
నా పంటి సందున కాపురముంటోంది."

పడవ కూత పెట్టింది.
నా ముందు నలభై బిస్కెట్లు, ఒకటి తక్కువ,
అత్త చెయ్యి పడ్డట్టే మెరుస్తున్నవి.
ఒకటి తీసి కొరికాను.
బాగుంది. చాలా బాగుంది.
దీపం ఆర్పే వేళ కాలేదింకా.
ఇంకొకటి తిన్నాను.