పొడవాటి అడుగు

బుడాపెస్ట్‌లో వైనుకీ సోడాకీ పొత్తు కుదిరితే
ఒక్కో పాలుకి ఒక్కో పేరు.
ఒక వంతు వైనుకి రెండు సోడా: పొడవాటి అడుగు.
మూడుకి రెండయితే ఇంటి కాపలాదారు.
వెండెల్ ఇరవై ఏళ్లుగా
రోజూ సాయంత్రం కాపలాదారుతోనే మొదలెడతాడు.
అతన్ని ఎంతమంది కాపలా కాశారో
ఏ గోడ మీదా లెక్క లేదు.

మేనకోడలు బొరోకా
ఫోన్‌లో యాప్ పెట్టిచ్చి పోయింది.
దానికి ఈ పేర్లేవీ తెలియవు.
గ్లాసులు ఎన్ని? అంటుంది, అంతే.
బడిలో కొత్తగా చేరిన పంతులమ్మలా
మర్యాదగా, ఆరింటికి, తప్పకుండా.

మొదటివారం రోజూ ఒకటి అని నొక్కాడు.
అర లీటరు పట్టినా గ్లాసు గ్లాసేగా.
తెర మీద ఆకుపచ్చ చుక్క.
భలే! అంది యాప్.
పెళ్లాం పెట్టె సర్దుకున్న రోజున కూడా
ఇంత సిగ్గుపడలేదు.
తిట్టేవాళ్లకి అబద్ధం చెప్పడం అలవాటే.
మెచ్చుకునేదానికి చెప్పడం
చేపముల్లు మింగినట్టుంది.

వేడినీటి స్నానశాలలో అతనిది తాళాల పని.
మూడొందల ఇనప అరలు.
జనం బట్టలూ బరువులూ అందులో కుక్కి
తువ్వాలు చుట్టుకుని ఆవిరిలోకి పోతారు.
తన ఫోనుకీ ఓ అర ఉంది, రెండొందల పన్నెండు.
ఆ గురువారం ఆరింటికి
ఇనుములోంచి తుమ్మెద రొద.
నీళ్లోడుతూ వచ్చిన ఓ ముసలాయన
"నీ అరలో ఎవరో బతికే ఉన్నారయ్యా" అన్నాడు.

తెరిచాడు. తడి వేలికి తెర పలకలేదు.
చొక్కాకి తుడుచుకుని
నిన్నటిది దిద్దాడు: ఐదు.
మొన్నటిది ఏడు.
ఆదివారం గుర్తు లేదు,
తొమ్మిది వేసుకున్నాడు.
ఆకుపచ్చ చుక్కలన్నీ ఎరుపెక్కాయి
వసారాలో ఆరగట్టిన మిరపకాయల దండలా.
యాప్ ఏమీ అనలేదు.
రేపటికి ఎన్ని అనుకుంటున్నారు? అంది.

మర్నాడు కొట్లో ఎటెల్కా
అడక్కుండానే పెద్ద గ్లాసు తీసింది.
"పొడవాటి అడుగు" అన్నాడు.
"ఒంట్లో బాగాలేదా?"
"లేదు. అంటే, బాగానే ఉంది. ఏమో."
సోడా సీసా బుస్సుమంది.

మరో రెండు తాగాడు, నిజమే.
వీధి దీపం కింద నిలబడి
చలికి బిగుసుకున్న బొటనవేలితో
మూడు నొక్కాడు,
ఒకటి,
కాసేపాగి ఒకటి,
ట్రామ్ వెళ్లిపోయాక ఇంకొకటి.